మిచౌంగ్ తుపాను వారంలో మా ఇల్లు మార్పు: బాపట్ల డైరీ, 2023

నవంబరు 26, ఆదివారం

మోటార్లకు తీగ మళ్లీ చుట్టే (వైండింగు) షాపు నాది. షాపుకు ఏ మోటారు వచ్చినా విప్పే ముందు ఒక అట్టముక్క మీద వివరాలు రాసుకోవడం నాకు పాతికేళ్ల అలవాటు. ఎన్ని స్లాట్లు, ఏ గేజి తీగ, కాయిల్‌కి ఎన్ని టర్నులు, ఏ వైరు ఎటు పోయింది, అన్నీ. విప్పాక గుర్తుంటుందిలే అనుకుంటే గుర్తుండదు. ఇల్లు మారడం కూడా అలాంటి పనేనని ఈ నోటుబుక్కు మొదలుపెట్టాను.

పదిహేడేళ్లుగా ఉంటున్న పెంకుటిల్లు ఖాళీ చేయాలి. ఇంటివాళ్లు దాన్ని పడగొట్టి డాబా కట్టుకుంటున్నారు. మూడు నెలల ముందే మర్యాదగా చెప్పారు. డిసెంబరు 10కల్లా తాళాలు ఇచ్చేయాలి. సూర్యలంక రోడ్డు వైపు ఒక డాబాలో మొదటి అంతస్తు దొరికింది. ఇక్కణ్ణుంచి రెండు కిలోమీటర్లు. కింద వాటాలో ఓనరు మామ్మగారు ఒక్కరే ఉంటారు.

అమ్మ పంచాంగం చూసి డిసెంబరు 7, గురువారం, దశమి బాగుందంది. నెల సగం దాటితే ధనుర్మాసం, ఆ వెనకే పుష్యం. ఆ రోజుల్లో ఇల్లు మారడం మా ఇంటా వంటా లేదు. కాబట్టి అటూ ఇటూ జరపడానికి పెద్దగా చోటు లేదు.

ఈ రోజు సామాను మొత్తం ఒకసారి చూసి మూడు రకాలుగా రాసుకున్నాను. తడిస్తే ఇక పనికిరానివి, తడిసినా ఆరబెట్టుకుంటే బాగయ్యేవి, తడిసినా ఏమీ కానివి. వాన ఊసే లేదు కదా, ఇదెందుకు అంది మా ఆవిడ. నవంబరు, డిసెంబరు నెలల్లో బాపట్లలో ఏ పని పెట్టుకున్నా సముద్రం వైపు ఒక కన్ను వేసి ఉంచాలి. మేం పుట్టి పెరిగినదంతా అలాగే.

మొదటి రకంలో చేరినవి: బియ్యం నాలుగు బస్తాలు, ఆవకాయ, మాగాయ జాడీలు, బూరుగు దూది పరుపులు రెండు, పాప పుస్తకాలు, సర్టిఫికెట్లు, నాన్న ఫొటో, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఇన్వర్టర్. మంచాలు, బట్టలు రెండో రకం. రోలు, ఇత్తడి బిందెలు, పూలకుండీలు, ఇనప సామాను మూడో రకం. సీలింగ్ ఫ్యాన్లు మూడు ఉన్నాయి. వాటిని మొదటి రకంలోనే రాశాను, గీత కూడా గీశాను.

డిసెంబరు 1, శుక్రవారం

బంగాళాఖాతంలో వాయుగుండం పడిందట. షాపుకు వచ్చిన ప్రతివాడూ అదే మాట. ఆకాశం మాత్రం మామూలుగానే ఉంది.

సాయంత్రం పుస్తకాల పని చూశాను. మూత గట్టిగా పట్టే నీలం డ్రమ్ము ఒకటి నీళ్ల కోసం ఉంచుకున్నాం. దాన్ని ముందే కడిగి, రెండు రోజులు ఎండలో బోర్లించి ఉంచాను. అడుగున పాత వార్తాపత్రికలు పరిచి పుస్తకాలు నిలువుగా పేర్చాం. సర్టిఫికెట్లు, పాస్‌బుక్కులు, రేషన్ కార్డు రెండేసి ప్లాస్టిక్ కవర్లలో పెట్టి మధ్యలో దూర్చాం. మూత పెట్టి చుట్టూ సైకిల్ ట్యూబ్ సాగదీసి కట్టాను. దాని మీద బకెట్టుతో నీళ్లు పోసి పావుగంట ఆగి మూత తీసి చూస్తే లోపల పొడిగా ఉంది. పాప చెయ్యి పెట్టి చూసి "నాన్నా, ఒక్క చుక్క కూడా లేదు" అంది.

డిసెంబరు 2, శనివారం

తీవ్ర వాయుగుండం అయింది. రేపటికి తుపాను అంటున్నారు. పేరు మిచౌంగ్ అని ఒకరు, మిగ్‌జాం అని ఒకరు చదువుతున్నారు. మయన్మార్ వాళ్లు పెట్టిన పేరట.

పొద్దున్నే పట్టాల (టార్పాలిన్ల) కోసం బజారుకు వెళ్లాను. కొట్టు ముందు యాభై మంది రైతులున్నారు. చుట్టుపక్కల చేలన్నీ కోతల్లో ఉన్నాయి. కోసిన వరి పనల మీదే ఉంది, కుప్ప వేసుకోవడానికి మనుషులు దొరకడం లేదు, కళ్లాల్లో ధాన్యం రాశులు పోసి ఉన్నాయి. నా ముందు నిలబడ్డ పెద్దాయన ఆరు పట్టాలు అడిగితే కొట్టువాడు మూడే ఇచ్చాడు. ఆయన ఆ మూడూ భుజాన వేసుకుని, మిగతా మూడింటి కోసం వేరే కొట్టుకు పరిగెత్తాడు.

నా వంతు వచ్చేసరికి రెండు అడుగుదామని వచ్చినవాణ్ణి ఒకటే తీసుకున్నాను. నా పరుపు తడిస్తే దూది మార్పించుకుంటాను. ఆయన ధాన్యం తడిస్తే ఆరు నెలల కష్టం మొలకెత్తిపోతుంది. రెండో పట్టా బదులు ఫ్లెక్సీలు వేసే షాపుకు పోయి పాత ఫ్లెక్సీలు అడిగాను. పుట్టినరోజులవి, పెళ్లిళ్లవి, పెద్దవి ఏడు ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. ఫ్లెక్సీ పట్టాకన్నా పలచనే కానీ నీరు పట్టదు. మడత మీద విరగకుండా చుట్టగా చుట్టుకోవాలి, అంతే.

ట్రక్కు ఆటో తమ్ముడితో మాట్లాడాను. గురువారం అనుకున్నది ముందుకు రావచ్చు, ఫోను చేస్తే రావాలని చెప్పాను. "నీకెందుకన్నా, అర్ధరాత్రయినా వస్తా. గాలి మొదలైతే మాత్రం నన్ను పిలవొద్దు, బండి తేలికది, పక్కకు తోసేస్తుంది" అన్నాడు. న్యాయమైన మాట.

డిసెంబరు 3, ఆదివారం

టీవీలో పొద్దుటి నుంచీ తెలంగాణ ఓట్ల లెక్కింపు. ఆ హడావిడి కింద సన్నగా స్క్రోలింగ్ పోతోంది: నెల్లూరు, మచిలీపట్నం మధ్య 5వ తేదీన తీరం దాటే అవకాశం. మా ఇంట్లో అందరం పైన బొమ్మ వదిలేసి కింద అక్షరాలే చదువుతున్నాం. నెల్లూరుకు, మచిలీపట్నానికి మధ్యలోనే కదా బాపట్ల ఉన్నది.

మధ్యాహ్నం నుంచి ముసురు పట్టింది. ఈ పెంకుటిల్లు సంగతి నాకు తెలుసు. మామూలు వానకే హాల్లో రెండు చోట్ల గిన్నెలు పెట్టాలి. గాలికి నాలుగు పెంకులు లేస్తే ఇక గిన్నెలతో ఆగదు. వీధి కూడా పల్లం, నీళ్లు గుమ్మం దాకా వస్తాయి. గురువారం దాకా ఆగితే మొదటి రకం సామాను మొత్తం నీళ్ల పాలవుతుంది.

ఇక్కడ చిక్కేమిటంటే పాలు పొంగించకుండా సామాను చేర్చడం అమ్మకు ఇష్టం ఉండదు. ఎలా చెప్పాలా అని గంటసేపు నాలో నేనే నలిగాను. చివరికి అమ్మే పంచాంగం తీసింది. "ఒరేయ్ పెద్దోడా, రేపు కార్తీక సోమవారం. తిథి సప్తమి. శివుడి రోజు కంటే మంచి రోజు ఇంకేం కావాలి? తెల్లారి పాలు పొంగిద్దాం, ఆ తర్వాత నీ ఇష్టం, ఏ బండికి ఏం ఎక్కిస్తావో ఎక్కించుకో" అంది. నాకు గుండెల మీద బరువు దిగినట్టయింది.

రాత్రి పదకొండు దాకా సర్దాం. బియ్యం బస్తాలను ఒక్కోదాన్ని ఖాళీ యూరియా సంచిలో దించి మూతి కట్టాం. జాడీల మూతుల మీద గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ కాగితం వేసి పురికొసతో బిగించింది మా ఆవిడ. వాటిని ఇత్తడి గంగాళంలో వరిగడ్డి కూరి మధ్యలో కూర్చోబెట్టింది. నేను ఎత్తబోతే వద్దంది, ఆ గంగాళం తన చేతుల మీదే బండెక్కాలట. చెమ్మ తగిలితే ఆవకాయకు బూజు పడుతుంది, వేసవిలో పడ్డ కష్టమంతా పోతుంది. ఆవిడ జాడీల్ని చూసుకునే తీరూ, నేను వైండింగుల్ని చూసుకునే తీరూ ఒకటే. ఇద్దరి శత్రువూ చెమ్మే.

డిసెంబరు 4, సోమవారం

నాలుగున్నరకు లేచాం. సన్నగా జల్లు, గాలి ఇంకా లేదు. అమ్మ, మా ఆవిడ, పాప ఆటోలో, నేను బండి మీద దేవుడి పటాలు పట్టుకుని వెళ్లాం. ఐదూ ముప్పావుకు పాలు పొంగాయి. కింది నుంచి మామ్మగారు కూడా వచ్చి పసుపు కుంకుమ అందుకుని, "వాన తోడు తెచ్చుకున్నారమ్మా, చల్లగా ఉంటారు" అన్నారు. పాయసం చేసే తీరిక లేక పాలలో పంచదార వేసి అందరికీ ఇచ్చింది మా ఆవిడ.

ఏడింటికి ట్రక్కు ఆటో వచ్చింది. బరువులు మోసే ముఠా నుంచి ముగ్గురు, మా షాపు కుర్రాడు, నేను. వానలో బండి కట్టడం ఎలాగో ఇక్కడ వివరంగా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది.

చాలామంది సామాను ఎక్కించి పైన పట్టా కప్పుతారు. టైర్ల నుంచి చిమ్మే నీళ్లు, బండి తొట్టిలో నిలిచే నీళ్లు కింద నుంచి పట్టేస్తాయి. మేం ముందు తొట్టిలో పట్టా పరిచి, అంచులు నాలుగు వైపులా బయటికి వేలాడదీశాం. అడుగున చెక్కలు రెండు అడ్డంగా వేసి వాటి మీద సామాను పేర్చాం. తర్వాత అంచులు లోపలికి మడిచి పొట్లం కట్టినట్టు కట్టాం. మడిచేటప్పుడు వరస ముఖ్యం. వెనక అంచు ముందు వేయాలి, పక్కవి తర్వాత, డ్రైవరు వైపు అంచు అన్నిటికన్నా పైన రావాలి. పెంకులు పరిచేటప్పుడు పై పెంకు కింది పెంకు మీదికి వచ్చినట్టు. లేకపోతే బండి ముందుకు పోతుంటే ఎదురు జల్లు మడతలోకి దూరుతుంది.

కట్టడానికి నైలాన్ తాడు వాడలేదు. తడిస్తే అది సాగి వదులవుతుంది. కొబ్బరి తాడు ముడి తడిస్తే బిగుసుకుపోయి కత్తి పెట్టి కోయాల్సి వస్తుంది. షాపులో పాత సైకిల్ ట్యూబులు నిలువునా కోసిన పట్టీలు గంపెడు ఉన్నాయి. రబ్బరు తడిసినా పట్టు పోదు, గుంటలో బండి ఎగిరినా తనే లాగి పట్టుకుంటుంది.

మొదటి ట్రిప్పు: పుస్తకాల డ్రమ్ము, బియ్యం, పరుపులు, బట్టల మూటలు, జాడీలు. ఎనిమిదిన్నరకల్లా పైకి చేరాయి.

రెండో ట్రిప్పు: ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఇన్వర్టర్, బ్యాటరీ, టీవీ. ఫ్రిజ్‌ను నిలువుగానే ఎక్కించాం. పడుకోబెడితే కంప్రెసర్ ఆయిల్ గొట్టాల్లోకి పోతుంది, అలా తెచ్చినదాన్ని వెంటనే ఆన్ చేస్తే దెబ్బతింటుంది. ఫ్లెక్సీ చుట్టి, అడుగు నుంచి పై దాకా నాలుగు చోట్ల ట్యూబు పట్టీలు వేశాం. బ్యాటరీ ట్యూబులర్‌ది, యాభై కిలోల పైన ఉంటుంది, లోపల యాసిడ్. ముందు నెగటివ్ వైరు, తర్వాత పాజిటివ్ తీసి, రెండు టెర్మినళ్లకూ గ్రీజు పూసి, పైన గుడ్డ కప్పి మా కుర్రాడు దారంతా వంగనీయకుండా పట్టుకుని కూర్చున్నాడు.

కొత్త ఇంటి మెట్లు నున్నటి గచ్చువి. వాన నీళ్లకు అద్దంలా జారుతున్నాయి. ముఠా పెద్దాయన చూడగానే గోనెసంచులు తడిపి మెట్టుకొకటి పరవమన్నాడు. తడి గోనె గచ్చును కరుచుకుంటుంది, కాలు జారదు. ఆయన చెప్పకపోతే ఆ మెట్ల మీద మాలో ఎవరో ఒకరం పడేవాళ్లం. బీరువా అరలు తీసి, తలుపులు తాళం వేసి, నడుముకు మోకు వేసి ఇద్దరు పైన, ఇద్దరు కింద పట్టి ఎక్కించారు. ఇరవై రెండు మెట్లకు ఇరవై నిమిషాలు పట్టింది.

మూడో ట్రిప్పు మొదలయ్యేసరికి ఒంటిగంట. జల్లు వానైంది. తూర్పు నుంచి గాలి లేచింది, రోడ్డు మీద వేపకొమ్మలు విరిగి పడుతున్నాయి. వంటింటి సామాను, ఒక మంచం, రెండు ఫ్యాన్లు ఎక్కించాం. హాల్లో ఫ్యాను విప్పుదామని నిచ్చెన కోసం చూస్తే లేదు. పొద్దున మొదటి ట్రిప్పులోనే పైకి పోయింది, మూటలు అటక మీద పెట్టడానికి. నోటుబుక్కులో గీత గీసి మరీ రాసుకున్నవాణ్ణి, దాన్ని విప్పే నిచ్చెన సంగతి రాసుకోలేదు. ఇది నా తప్పు. గట్టి మంచం కూడా బండెక్కేసింది, మిగిలిన పట్టె మంచం మీద ఎక్కి నిలబడలేం. ఆటో తమ్ముడు ఆకాశం చూసి, "అన్నా, ఇంక కదలాలి" అన్నాడు. కదిలాం.

పాత ఇంట్లో మిగిలినవి: ఒక పట్టె మంచం, రోలు, కుండీలు, ఇనప సామాను, ఆ ఫ్యాను.

తమ్ముడికి ట్రిప్పుకు 700 మాట్లాడుకున్నాం. వానలో చేసినందుకు ఇంకో 500 ఇవ్వబోతే తీసుకోలేదు. ముఠా వాళ్లకు మనిషికి 800 ఇచ్చి, భోజనాలు పెట్టి పంపాం. వాళ్ల ఇళ్లు కూడా పల్లంలోనే, తొందరగా వెళ్లాలి.

రాత్రి ఏడున్నరకు కరెంటు పోయింది. ఇన్వర్టరును హాలు మూల పెట్టి ఎక్స్‌టెన్షన్ బాక్సుతో ఒక బల్బు, ఫోన్ చార్జర్లు మాత్రం కలిపాను. ఇంకో బల్బుకు వైరు లాగి కింద మామ్మగారి గదిలో వెలిగించి వచ్చాను.

డిసెంబరు 5, మంగళవారం

ఈ రోజు గంటలవారీగా రాశాను, చేతికి పని లేనప్పుడు భయం ఎక్కువవుతుందని.

ఉదయం 6: ఊరంతా హోరు. తూర్పు కిటికీ రెక్కల సందుల్లోంచి నీళ్లు పిచికారీ కొట్టినట్టు లోపలికి వస్తున్నాయి. ఫ్లెక్సీ ముక్కలు మడిచి సందుల్లో స్క్రూడ్రైవరుతో కూరాను. సామాను మొత్తం గోడలకు మూరెడు దూరం జరిపాం.

8: బాల్కనీ తలుపు కింద నుంచి హాల్లోకి నీళ్లు. తలుపు తీస్తే బాల్కనీలో జానెడు నీళ్లు నిలిచి ఉన్నాయి. తూము వేపాకులతో మూసుకుపోయింది. బోర్లా పడుకుని మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగితే ఆకులు, ఒక పాలకవరు, కాకి గూడు పుల్లలు వచ్చాయి. సుడి తిరుగుతూ నీళ్లు దిగిపోయాయి. మళ్లీ మూసుకోకుండా తూముకు వంటింటి జల్లెడ అడ్డం పెట్టి, దాని మీద ఇటుక ఉంచాను. గంటకోసారి పాప వెళ్లి ఆకులు తీసింది.

11: ఫోన్లో సిగ్నల్ పోయింది. పోయే ముందు చూసిన వార్త: బాపట్ల దగ్గరే తీరం దాటుతుంది.

అమ్మ ఉదయం నుంచి లోపలి గదిలో గోడకానుకుని కూర్చుంది. 1977 నవంబరు 19న ఆవిడకు పన్నెండేళ్లు, రేపల్లె వైపు పల్లెటూళ్లో ఉండేవాళ్లు. దివిసీమ ఉప్పెన సంగతి అందరికీ తెలుసు, ఆవిడ ఎప్పుడూ చెప్పదు. ఈ రోజు మాత్రం ఒకటి చెప్పింది. ఆ రాత్రి వాళ్ల నాన్న పిల్లలందరి నడుములకూ ఒకే మోకు కట్టి రెండో కొస రాటకు కట్టాడట. "చెయ్యి వదిలేస్తామేమోనని" అంది. పాప వెళ్లి ఆవిడ ఒళ్లో చెయ్యి పెట్టి కూర్చుంది. మళ్లీ ఇద్దరూ మాట్లాడలేదు.

మధ్యాహ్నం 1: ఇంతకన్నా పెద్ద గాలి నేను చూడలేదు. ఎదురింటి రేకుల షెడ్డు రేకు ఒకటి లేచి కరెంటు స్తంభానికి చుట్టుకుంది. కొబ్బరిచెట్ల మొవ్వులన్నీ ఒకే వైపుకు దువ్వినట్టున్నాయి.

3: గాలి తిరిగింది. అంతవరకూ పొడిగా ఉన్న దక్షిణపు కిటికీ తడవడం మొదలైంది. వంటిల్లు అటువైపే. బియ్యం బస్తాలు అక్కడే ఉన్నాయి, నలుగురం ఈడ్చుకుంటూ హాల్లోకి తెచ్చాం. అమ్మ లేచి వచ్చి కిటికీ దగ్గర నిలబడి, "దక్షిణపు గాలి వచ్చిందిరా, ఇంక దాటేసినట్టే" అంది. ఆ తర్వాత పొయ్యి వెలిగించి ఉప్మా చేసింది.

రాత్రి సిగ్నల్ వచ్చాక తెలిసింది. పన్నెండున్నర, రెండున్నర మధ్య బాపట్లకు దక్షిణంగా తీరం దాటింది. గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, విసుర్లు 110 దాకా.

డిసెంబరు 6, బుధవారం

వాన తెరిపిచ్చింది. నిచ్చెన భుజాన వేసుకుని నేనూ కుర్రాడూ పాత ఇంటికి నడిచాం. వీధిలో పిక్కల దాకా నీళ్లు, ఇంట్లో చీలమండ దాకా. హాలు పైకప్పులో పద్నాలుగు పెంకులు లేచిపోయి ఆకాశం కనిపిస్తోంది. ఆ కంత సరిగ్గా ఫ్యాను నెత్తిన.

విప్పి దించితే లోపలి నుంచి నీళ్లు కారాయి. సీలింగ్ ఫ్యానుకు వైండింగు మధ్యలో ఉంటుంది. పైన రాడ్డు దగ్గర పడ్డ నీళ్లు సరాసరి అందులోకే దిగుతాయి. ఇన్సులేషన్ పట్టు కొలిచే మీటరు, మెగ్గరు, పెడితే ముల్లు సున్నా మీద నుంచి కదల్లేదు.

ఈ ఫ్యాను గురించి రాయాలి. నాన్న బాపట్ల వచ్చిన కొత్తలో కొన్నది. నేను పదహారేళ్లప్పుడు పని నేర్చుకుంటుంటే అది కాలిపోయింది. మా గురువుగారు "మీ ఇంటిదే కదా, నువ్వే కట్టు" అని నా చేతికిచ్చారు. నేను కట్టిన మొదటి వైండింగు అది. 36 గేజి తీగ, మూడుసార్లు తెగి మళ్లీ మొదలుపెట్టాను. తిరిగినప్పుడు నాన్న మాట్లాడకుండా కుర్చీ దాని కిందకు జరుపుకుని కూర్చున్నాడు. పోయేదాకా ఆయన మంచం దాని కిందే ఉండేది.

డిసెంబరు 7, గురువారం

ఎండ వచ్చింది. మొదట అనుకున్న రోజు ఇదే. పట్టె మంచం, రోలు, కుండీలు తెచ్చేశాం. మంచం కోళ్లు రెండు జానల ఎత్తు దాకా ఉబ్బాయి, నీడలో మెల్లగా ఆరాలి, ఎండలో పెడితే చీలతాయి. సాయంత్రం కరెంటు వచ్చింది. ఫ్రిజ్ వెనక కంప్రెసర్ దగ్గర కనెక్షన్లు తుడిచి, చూసి, అప్పుడు ఆన్ చేశాను. బాగానే పట్టుకుంది.

డిసెంబరు 9, శనివారం

నిన్నటి నుంచి షాపు నిండా మోటార్లు. నీళ్లలో మునిగినవి పదకొండు వచ్చాయి. చేలల్లో నిలిచిన నీళ్లు తోడాలంటే ఇంజనో మోటారో ఉండాలి, తడిసిన పనలు ఒక్క రోజు ఎక్కువ నీళ్లలో ఉన్నా మొలకలొస్తాయి. ఆ రోజు పట్టాల కొట్టు దగ్గర నా ముందు నిలబడ్డ పెద్దాయన కూడా వచ్చాడు. మూడు పట్టాలతో సగం రాశి కాపాడుకున్నాడట. మిగతా సగం రంగు మారింది. ఆయన మోటారు ముందు చేసి రాత్రి పదింటికి ఇచ్చాను.

మా ఫ్యాను వీటి పక్కనే ఒక రేకుపెట్టెలో ఉంది, రెండు వంద వాట్ల బల్బుల మధ్య. మెగ్గరు లెక్క ఇది, ఎంత పెరిగితే అంత ఆరినట్టు: శుక్రవారం పొద్దున 0.3 మెగోమ్. సాయంత్రం 0.1. కుర్రాడు కంగారుపడ్డాడు, తగ్గిందేంటన్నా అని. వేడి తగిలినప్పుడు లోపల ఉన్న చెమ్మ కదిలి ముందు విలువ పడుతుంది, ఆ తర్వాతే లేస్తుంది. అక్కడ భయపడి వేడి పెంచితే ఇన్సులేషన్ మాడుతుంది, చాలని ఆపేస్తే చెమ్మ అలాగే ఉండిపోతుంది. ఈ రాత్రికి ఒకటి దాటింది. ఒకటి ఉంటే కరెంటు కలపొచ్చు అంటారు. నేను కలపను.

కొత్త ఇంట్లో దోమలు విపరీతం. అమ్మ గదికి ఫ్యాను లేదు. మా గదిలోది విప్పి పెడతానంటే వద్దంది.

డిసెంబరు 10, ఆదివారం

పాత ఇల్లు కడిగి, పసుపు నీళ్లు చల్లి, తాళాలు ఇచ్చేశాం. అడ్వాన్సు మొత్తం తిరిగిచ్చారు. హాలు మధ్యలో ఫ్యాను కొక్కెం అలాగే వేలాడుతోంది. మా ఆవిడ గుమ్మానికి మొక్కి బయటికొచ్చింది.

ఈ మార్పుకు మొత్తం ఖర్చు 7,850. అందులో పట్టా ఒక్కటే నేను ముందు వేసుకున్న లెక్కలో లేనిది. దాన్ని ఉతికి ఆరబెట్టి, అవసరమైతే తీసుకోమని ఆ పెద్దాయనకు కబురు పెట్టాను.

డిసెంబరు 14, గురువారం

సోమవారం ఫ్యాను 20 మెగోమ్ చూపింది. మంగళవారం వార్నిష్ పోసి మళ్లీ పెట్టెలో పెట్టాను. ఈ పొద్దున ముల్లు వంద దాటింది. బేరింగులు రెండూ తుప్పు పట్టాయి, కొత్తవి వేశాను, 6202 నంబరుది ఒకటి, 6201 నంబరుది ఒకటి. కండెన్సరు కూడా మార్చాను, 2.5 మైక్రోఫారడ్‌ది. రెక్కల మీద తుప్పు గీకి రంగు మాత్రం వేయలేదు, అమ్మ వద్దంది.

రాత్రి అమ్మ గదిలో బిగించాను. స్విచ్చి వేస్తే మొదటి రెండు చుట్లూ బరువుగా తిరిగి తర్వాత అందుకుంది. పైన రాడ్డుకు తొడిగిన కప్పు దగ్గర టక్ టక్ అని ఆ పాత చప్పుడు మొదలైంది. కప్పు స్క్రూ బిగిస్తే పోతుంది, నిచ్చెన ఇంకా అక్కడే ఉంది. ఎక్కబోతుంటే అమ్మ మంచం మీద నుంచే "ఉండనీరా" అని కళ్లు మూసుకుంది. రెగ్యులేటరు రెండు మీద పెట్టి దీపం తీసి వచ్చాను.